ఒకేసారా, ఒకదాని తర్వాత ఒకటా

పెద్ద డాక్టరు: కీమో, ఇమ్యునోథెరపీ కలిపే ఇవ్వాలని నేనెందుకంటానో ముందు చెప్పేస్తాను. తర్వాత నువ్వు ఎన్ని లోపాలైనా పట్టు. 2018 దాకా నాలుగో స్టేజీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి, జన్యుమార్పు ఏదీ లేని రోగికి, మన దగ్గర చాలామటుకు ఉన్నది ప్లాటినం కీమోయే. పది, పదకొండు నెలలని లోపల లెక్క వేసుకుని పైకి మాత్రం 'చూద్దాం' అనేవాళ్లం. అప్పుడు కీనోట్-189 ట్రయల్ ఫలితాలు వచ్చాయి. 616 మంది రోగులు. అందరికీ పెమెట్రెక్సెడ్, ప్లాటినం ఎక్కించారు. మూడింట రెండొంతుల మందికి దానితోపాటు పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునో మందు, మిగతావాళ్లకి ఉత్తి సెలైన్. ఏడాది తిరిగేసరికి రెండూ కలిపి తీసుకున్నవాళ్లలో 69 శాతం బతికున్నారు, కీమో ఒక్కటే తీసుకున్నవాళ్లలో 49. సగటు రోగి ఆయుష్షు పదకొండు నెలల లోపు నుంచి 22 నెలలకి చేరింది. ఈ జబ్బులో ఒక్క ట్రయల్‌తో ఇంత తేడా రావడం నా సర్వీసులో అంతకుముందు చూడలేదు.

చిన్న డాక్టరు: ఆ అంకెలతో నాకు పేచీ లేదు సార్. ఆ ట్రయల్ అడిగిన ప్రశ్నతోనే పేచీ. కీమోకి ఇమ్యునో చేరిస్తే ఉత్తి కీమో కన్నా మేలా అని అడిగారు, మేలేనని తేలింది. ఇమ్యునోకి కీమో చేరిస్తే ఉత్తి ఇమ్యునో కన్నా మేలా అని అడగలేదు. మూడో గుంపు పెట్టలేదు కదా? కణితి కణాల్లో సగానికి పైగా పీడీ-ఎల్1 ప్రోటీన్ ఉన్న రోగికి పెంబ్రోలిజుమాబ్ ఒక్కటే చాలని అప్పటికి రెండేళ్ల ముందే, 2016లో, కీనోట్-024 చూపించింది. 305 మందిలో చేశారు. అయిదేళ్లకి ఇమ్యునో గుంపులో దాదాపు 32 శాతం మంది బతికున్నారు, కీమో గుంపులో 16. మందు వల్ల వచ్చిన తీవ్రమైన ఇబ్బందులు ఇమ్యునోతో 27 శాతం, కీమోతో 53. ఇలాంటి రోగికి కార్బోప్లాటిన్ ఎందుకు ఎక్కించాలో చెప్పాల్సిన బాధ్యత ఎక్కించేవాళ్లది. నాది కాదు.

పెద్ద డాక్టరు: ఒకదాని తర్వాత ఒకటి ఇస్తే సరిపోతుందన్నది నీ వాదన. దాన్ని కూడా 189 పరీక్షించిందనే నేనంటాను. కీమో గుంపులో జబ్బు ముదిరినవాళ్లకి పెంబ్రోలిజుమాబ్‌కి మారే వీలిచ్చారు. చివరికి ఆ గుంపులో సగానికి పైగా ఏదో ఒక ఇమ్యునో మందు అందుకున్నారు. అయినా తేడా చెరగలేదు. అయిదేళ్లకి 19 శాతం, 11 శాతం.

చిన్న డాక్టరు: మీరు చెప్పింది కీమో ముందు, ఇమ్యునో వెనక. నేనడిగేది దానికి తలకిందుల వరస. ముందు ఇమ్యునో, అది పట్టకపోతే అప్పుడు కీమో.

పెద్ద డాక్టరు: ఆ వరసలో 'అప్పుడు' అన్నది వస్తుందని నీకు అంత నమ్మకం ఎక్కడిది? గత నెల వీల్‌చెయిర్‌లో వచ్చినాయన్ని గుర్తు తెచ్చుకో. ఒక్క వాక్యం చెప్పడానికి మధ్యలో రెండుసార్లు ఆగాడు. ఆక్సిజన్ 89. కుడివైపు నుంచి లీటరున్నర నీరు తీస్తే వారం తిరక్కుండా మళ్లీ నిండింది. పీడీ-ఎల్1 70 శాతం, నీ లెక్క ప్రకారం ఇమ్యునో ఒక్కటే చాలు. ఇమ్యునో పట్టుకోవడానికి ఆరు వారాలు, ఒక్కోసారి తొమ్మిది. ఆ తొమ్మిది వారాలు అతని దగ్గర ఉన్నాయా? పీడీ-ఎల్1 ఒక శాతం ఉన్నా చాలని రోగుల్ని తీసుకున్న కీనోట్-042 గీతలు చూడు. మొదటి కొన్ని నెలల్లో ఇమ్యునో గీత కీమో గీతకి కిందే ఉంటుంది, తర్వాత దాటి పైకి వెళ్తుంది. ఆ తర్వాతి భాగం గురించే అందరూ మాట్లాడతారు. ఆ మొదటి నెలల్లో పోయినవాళ్లు రెండో వరస మందు దాకా రాలేదు. 189లో గీతలు మొదటినుంచే విడిపోయాయి.

చిన్న డాక్టరు: ఆయనకి నేనూ రెండూ కలిపే ఇస్తాను. అందులో వాదన లేదు. ఊపిరి అందనివాడికి, మెడ, ముఖం వాచి వచ్చినవాడికి, లివర్ నిండా మచ్చలున్నవాడికి కణితి త్వరగా తగ్గాలి. త్వరగా తగ్గించేది కీమోయే. కానీ సార్, మన ఓపీకి వచ్చేవాళ్లందరూ వీల్‌చెయిర్‌లో రావడం లేదు. ఇంకో రోగిని చెప్తాను. 76 ఏళ్లాయన, ప్రకాశం జిల్లా, యాభై ఏళ్లు చుట్ట తాగాడు. దగ్గు తప్ప బాధ లేదు. బస్సు దిగి నడిచొచ్చాడు. పీడీ-ఎల్1 80. మీరు ఆయనకీ కార్బోప్లాటిన్ రాశారు.

పెద్ద డాక్టరు: రాశాను.

చిన్న డాక్టరు: పీడీ-ఎల్1 సగానికి పైగా ఉన్న రోగుల వివరాలన్నీ చాలా ట్రయళ్ల నుంచి పోగుచేసి అమెరికా ఎఫ్‌డీఏ వాళ్లు 2022లో లెక్క కట్టారు. రెండూ కలిపి ఇచ్చినవాళ్లకి 25 నెలలు, ఇమ్యునో ఒక్కటే ఇచ్చినవాళ్లకి 21. చూడ్డానికి తేడాలాగే ఉంది గానీ గణాంకాల ప్రకారం అది నిలవలేదు. 75 దాటినవాళ్లలో అయితే కలిపి ఇవ్వడం వల్ల లాభమే కనపడలేదు. మీ చుట్ట తాతకి 76.

పెద్ద డాక్టరు: అదే లెక్కలో ఇంకో అంకె ఉంది, అది వదిలేశావు. కణితి తగ్గినవాళ్లు కలిపి ఇస్తే 61 శాతం, ఇమ్యునో ఒక్కటే అయితే 43. ఆ పద్దెనిమిది శాతం మందికి ఏం చెప్తావు? అయినా అది వేర్వేరు ట్రయళ్ల రోగుల్ని పక్కపక్కన పెట్టి చూసిన లెక్క. చీటీ వేసి పంచిన గుంపులు కావవి. ఇలాంటి లెక్కల్ని నమ్మొద్దని జర్నల్ క్లబ్‌లో మాకందరికీ క్లాసు తీసుకునేది నువ్వే.

చిన్న డాక్టరు: తీసుకుంటాను. ఇక్కడా దాన్ని రుజువు అనడం లేదు. కీమో ఇవ్వక తప్పదు అనడానికి కూడా రుజువు లేదు అంటున్నాను, అంతే. రుజువు లేని చోట తక్కువ విషం ఇవ్వడం మొదటి మర్యాద.

పెద్ద డాక్టరు: 76 ఏళ్లాయన విషయంలో నీ మాట వింటాను. నిజానికి రెండో సైకిల్ తర్వాత ఆయనకి రక్తకణాల కౌంట్లు పడిపోయి, అయిదు రోజులు వార్డులో ఉన్నాడు. అది నాకూ గుచ్చుకుంది. కానీ దాన్ని సూత్రం చెయ్యకు. 58 ఏళ్లవాడు, పీడీ-ఎల్1 సరిగ్గా 50, బాగానే నడుస్తున్నాడు, అతనికేం చేస్తావు? 50 దగ్గర ప్రకృతి గీత గీసిందా? అది ట్రయల్ పెట్టినవాళ్లు పెట్టుకున్న గీత. బయాప్సీలో అర సెంటీమీటరు పక్క ముక్క తీస్తే 30 రావచ్చు. పీడీ-ఎల్1 అసలే లేనివాళ్ల సంగతేంటి? ఇమ్యునో ఒక్కటే అని వాళ్ల దగ్గర నువ్వూ అనలేవు. 189లో వాళ్లకీ లాభం వచ్చింది. అయిదేళ్లకి దాదాపు 10 శాతం, కీమో ఒక్కదానితో 5. చిన్న అంకెలే. కానీ రెట్టింపు.

చిన్న డాక్టరు: పీడీ-ఎల్1 లేనివాళ్లకి, తక్కువున్నవాళ్లకి కలపాల్సిందే. అది ముందే ఒప్పుకుంటున్నాను. అందుకే మన గొడవ రోగులందరి గురించి కాదు, మూడోవంతు మంది గురించి. కానీ ఆ రెట్టింపు ఎలా వచ్చిందన్న దగ్గర మాత్రం మీరూ నేనూ ఒకేలా ఆలోచించడం లేదు. కాన్ఫరెన్సుల్లో ఏం చెప్తారు? కీమో క్యాన్సర్ కణాల్ని పగలగొడుతుంది, లోపలి సరుకంతా బయటపడుతుంది, రక్షణ కణాలు దాన్ని చూసి శత్రువుని గుర్తుపడతాయి, అప్పుడు ఇమ్యునో వాటి కళ్లెం వదిలేస్తుంది, రెండు మందులూ చేతులు కలిపి కణితి మీద పడతాయి. బొమ్మలు వేసి మరీ చూపిస్తారు. ఎలుకల్లో అలా జరుగుతుందేమో గానీ మనుషుల్లో అంత కథ అక్కర్లేదని ఆడమ్ పామర్, పీటర్ సోర్గర్ 2017లో లెక్క వేసి చూపించారు. కొందరికి ఒక మందు పడుతుంది, కొందరికి రెండోది. రెండూ ఇస్తే ప్రతి రోగికీ రెండు అవకాశాలు, ఏది బాగా పడితే దాని ఫలితం దక్కుతుంది. మందులు ఒకదానికొకటి సాయం చేసుకోకపోయినా సరే. చాలా కాంబినేషన్ ట్రయళ్ల ఫలితాలు ఆ లెక్కకే సరిపోయాయి. తర్వాత ఇమ్యునో కాంబినేషన్లలోనూ అదే తేలింది.

పెద్ద డాక్టరు: అయితే ఏమంటావు? చెరువులో రెండు గేలాలు వేశాం, చేప ఒకదానికే పడింది, కాబట్టి రెండో గేలం దండగ అంటావా? ఏ గేలానికి పడుతుందో ముందే తెలిస్తే నేనూ ఒక్కటే వేసేవాణ్ని.

చిన్న డాక్టరు: దండగ అనను. ఒకేసారి వేయక్కర్లేదు అంటాను. మందులు నిజంగా ఒకదానికొకటి సాయం చేసుకునేవైతే ఒకే రోజు ఎక్కించడం తప్పనిసరి. సాయం చేసుకోకపోతే, ఒకదాని తర్వాత ఒకటి ఇచ్చినా లాభంలో పెద్ద భాగం దక్కుతుంది, బాధ మాత్రం ఒక్కోసారి ఒక్కదానిదే. 'చేతులు కలిపి' అన్న ఆ బొమ్మే మనల్ని తొందరపెడుతోంది.

పెద్ద డాక్టరు: దక్కుతుంది, రోగి ఆ రెండోదాని దాకా నిలబడితే. ఇది నీ కాగితం మీది లెక్కలో లేదు. మొదటి మందు పట్టలేదని తెలిసేది మూడో స్కాన్‌కో, రెండో స్కాన్‌కో. అప్పటికి నలుగురిలో ఒకడు మంచం దిగడు. ఇంకొకడికి తలలోకి పాకి ఉంటుంది. ఒకడు 'ఇంక చాలు సార్, ఊరికి పోతా' అంటాడు. ఎలుకల కథ నిజం కాకపోతే పోనీ, దాన్ని నేను గట్టిగా సమర్థించను. అయినా, మందులు విడివిడిగానే పనిచేస్తాయని తేలినా, రోగి బాగున్నప్పుడే రెండు అవకాశాలూ వాడుకోవాలన్న నా మాట చెడదు. ఇంకా బలపడుతుంది.

చిన్న డాక్టరు: ఆ బాగున్న రోజుల్నే మనం ఖర్చు చేస్తున్నాం సార్. ఇంకో చిక్కు చెప్తాను, ఇది పుస్తకాల్లో రెండు వాక్యాలు, వార్డులో రెండు రాత్రులు. నాలుగో సైకిల్ అయిన పన్నెండో రోజు రోగికి జ్వరం, ఆయాసం. ఎక్స్‌రేలో రెండువైపులా తెల్లగా ఉంది. ఏమిటది? కీమోతో కౌంట్లు పడి వచ్చిన న్యుమోనియా కావచ్చు. ఇమ్యునో వల్ల ఊపిరితిత్తికి వచ్చిన వాపు కావచ్చు, న్యుమోనైటిస్. మన దేశం కాబట్టి టీబీ తిరగబెట్టడం కావచ్చు, ఇమ్యునో మందులతో అదీ రావచ్చు. లేదా జబ్బే పాకడం కావచ్చు. న్యుమోనైటిస్ అయితే ఈ రాత్రే స్టెరాయిడ్ దండిగా ఇవ్వాలి. టీబీ అయితే అదే స్టెరాయిడ్ కొంప ముంచుతుంది. ఒక్క మందే ఇచ్చి ఉంటే నాలుగు అనుమానాల్లో ఒకటైనా తగ్గేది. కిడ్నీ సంగతీ అంతే. క్రియాటినిన్ 0.9 నుంచి 2.1కి ఎక్కింది. పెమెట్రెక్సెడ్ వల్లా, పెంబ్రోలిజుమాబ్ వల్లా? 189లోనే కిడ్నీ హఠాత్తుగా దెబ్బతిన్నవాళ్లు కలిపి ఇచ్చిన గుంపులో 5 శాతం, కీమో గుంపులో అర శాతం. అప్పుడు మనం రెండూ ఆపేస్తాం. దోషి ఒకటే అయినా శిక్ష రెండింటికీ పడుతుంది, బాగా పనిచేస్తున్నదీ పోతుంది.

పెద్ద డాక్టరు: ఈ మాట బరువైనది, కాదనను. కానీ అదే 189లో తీవ్రమైన ఇబ్బందులు రెండు గుంపుల్లో ఎంతెంతో కూడా చెప్పాలి. 67, 66. కీమో మీద ఇమ్యునో పెట్టిన అదనపు భారం, మొత్తంగా చూస్తే, అంతే.

చిన్న డాక్టరు: మళ్లీ కీమో పక్కనే నిలబెట్టి కొలిచారు. ఇమ్యునో ఒక్కదాని పక్కన నిలబెట్టండి. 024లో, మందు వల్ల వచ్చినవాటినే లెక్కిస్తే, 27.

పెద్ద డాక్టరు: వేర్వేరు ట్రయళ్లు.

చిన్న డాక్టరు: సరే, ఒప్పుకున్నాను. వేర్వేరు ట్రయళ్లు. అయినా 67కీ 27కీ మధ్య ఉన్నదంతా లెక్కింపు తేడాయేనంటే మీరే నమ్మరు.

పెద్ద డాక్టరు: నమ్మను. కానీ రోగుల భయం వేరే చోట ఉంది. 'కీమో వద్దు సార్, ఆ కొత్త ఇంజెక్షనే ఇవ్వండి, ఎంతైనా పెట్టుకుంటాం' అని వస్తారు. ఆ భయంలో సగం జుట్టు. పెమెట్రెక్సెడ్, కార్బోప్లాటిన్‌తో జుట్టు పెద్దగా ఊడదని చెప్తే ఆశ్చర్యపోతారు. ఊడేది పాక్లిటాక్సెల్‌తో, అది పొలుసుల రకం క్యాన్సర్‌వాళ్లకి. కీమో అన్న మాట వింటేనే సినిమాలో గుండు గీయించుకున్న హీరోయిన్ గుర్తొస్తుంది. ఆ భయాన్ని నువ్వు సిద్ధాంతం చేస్తున్నావేమోనని నా అనుమానం.

చిన్న డాక్టరు: ఇమ్యునో అంటే సైడ్ ఎఫెక్టులే లేవన్న భ్రమని మీరు సిద్ధాంతం చెయ్యనంత కాలం నేనూ ఇది చెయ్యను. థైరాయిడ్ పోయి జన్మంతా మాత్ర వేసుకునేవాళ్లు మన దగ్గర ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. పేంక్రియాస్ దెబ్బతిని నలభై ఏళ్లకి ఇన్సులిన్ మీద పడినావిడ ఉంది. నాకు ఇమ్యునో మీద ప్రేమేం లేదు. రెండు రకాల ముప్పుల్ని ఒకే శరీరం మీద ఒకే నెలలో పెట్టడమే నాకు మింగుడు పడనిది. ఇంకొకటి. మీరు కీమో ఇచ్చేది తొలి నెలల్లో జబ్బుని అదుపు చెయ్యడానికే అంటున్నారు కదా. అయితే నాలుగు సైకిళ్లు ప్లాటినం, ఆ తర్వాత రెండేళ్లదాకా మూడు వారాలకోసారి పెమెట్రెక్సెడ్ ఎందుకు? చెక్‌మేట్-9ఎల్ఏలో కీమో రెండే రెండు సైకిళ్లు ఇచ్చి ఆపేశారు. 719 మంది. అయిదేళ్లకి 18 శాతం బతికున్నారు, కీమో గుంపులో 11. 189 అంకెలకి దగ్గరగానే ఉన్నాయి.

పెద్ద డాక్టరు: వాళ్లు ఒక ఇమ్యునో కాదు, రెండిచ్చారు. నివోలుమాబ్‌కి ఇపిలిముమాబ్ తోడు. కీమో తగ్గించి ఆ చోటు ఇంకో ఇమ్యునోతో నింపారు. మన దగ్గర రెండు ఇమ్యునోలు ఎవరికి అందుతాయి?

చిన్న డాక్టరు: ఒకటే అందడం లేదు కదా సార్. డబ్బు మాట ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాను.

పెద్ద డాక్టరు: వస్తే నా వైపే మొగ్గుతుంది, చూడు. కీమో జెనెరిక్ మందు, వేలల్లో అయిపోతుంది. ఇమ్యునో ఒక్కో డోసు లక్షల్లో. కలిపినా కలపకపోయినా పెద్ద బిల్లు ఇమ్యునోదే. కీమో చేర్చడం వల్ల బిల్లులో మారేది నామమాత్రం. పైగా మన రోగులు రెండేళ్లకి పడే ముప్పై అయిదు డోసులూ తీసుకునేవాళ్లు కాదు. ఎకరం అమ్ముతారు, మూడు డోసులు వేయించుకుంటారు, నాలుగోదానికి ఫోన్ ఎత్తరు. నీ పద్ధతిలో వాడికి దక్కింది మూడు ఇమ్యునో డోసులు, అవి పట్టి ఉంటే అదృష్టం. నా పద్ధతిలో డబ్బు అయిపోయినా కీమో కొనసాగుతుంది, దానికి ఆరోగ్యశ్రీ ఉంది.

చిన్న డాక్టరు: కౌంట్లు పడి అయిదు రోజులు వార్డులో ఉంటే ఆ ఖర్చు ఎవరిది? తోడుండే కొడుకు కూలి పోతుంది, ఊరి నుంచి కారు కిరాయి. అయినా నా బాధ ఎకరం అమ్మినవాడి గురించి కాదు, అమ్మడానికి ఎకరమే లేనివాడి గురించి. మన దేశంలో ఇమ్యునో అవసరమైనవాళ్లలో నూటికి ముగ్గురికి కూడా అది అందడం లేదని టాటా మెమోరియల్ వాళ్లే రాశారు. మనమిద్దరం కలపాలా వద్దా అని వాదించుకుంటున్నది ఆ ముగ్గురి గురించి. మిగతా తొంభై ఏడు మందికి ఉన్నది కీమోయే. వాళ్ల కోసం ఏదైనా చెయ్యాలంటే డోసు తగ్గించాలి. పెంబ్రోలిజుమాబ్‌కి 200 మిల్లీగ్రాములు అని అందరికీ ఒకటే డోసు పెట్టారు, వంద కిలోల అమెరికన్‌కీ, నలభై ఎనిమిది కిలోల మన బీడీ కార్మికురాలికీ. మొదట్లో పరీక్షించిన డోసుల్లో కిలోకి రెండు మిల్లీగ్రాములు ఒకటి. కీనోట్-010లో అది, దానికి అయిదు రెట్ల డోసుతో దాదాపు సమానంగా పనిచేసింది. కెనడాలో ఇప్పటికీ బరువు చూసే ఇస్తారు. 48 కిలోలంటే 96 మిల్లీగ్రాములు. ఒక వయల్. రెండోది తెరవక్కర్లేదు. సగం ఖర్చు అక్కడే పోయింది.

పెద్ద డాక్టరు: అందులో నీకు నేనే ముందు. బరువు చూసి ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు, ఇస్తున్నాను కూడా. కానీ టాటా వాళ్లు ఇంకా కిందికి పోయారు.

చిన్న డాక్టరు: పోయారు. నివోలుమాబ్ 20 మిల్లీగ్రాములు, మూడు వారాలకోసారి. మామూలు డోసులో పదోవంతు కూడా కాదు. 151 మంది. ఏడాదికి బతికున్నవాళ్లు 16 శాతం నుంచి 43 శాతానికి పెరిగారు.

పెద్ద డాక్టరు: తల, మెడ క్యాన్సర్లో.

చిన్న డాక్టరు: అవును, తల, మెడ క్యాన్సర్లో. ఊపిరితిత్తికి అదే వర్తిస్తుందని నేననడం లేదు.

పెద్ద డాక్టరు: ఆ నివోలుమాబ్ దేనితో కలిపి ఇచ్చారు?

చిన్న డాక్టరు: ...మెథోట్రెక్సేట్ మాత్రలు, సెలెకాక్సిబ్, ఎర్లోటినిబ్.

పెద్ద డాక్టరు: కలిపే ఇచ్చారు. నీకు బాగా నచ్చిన భారతీయ ట్రయల్ కూడా కాంబినేషనే.

చిన్న డాక్టరు: నవ్వండి సార్. కానీ ఇంట్లో మింగే మాత్రలకీ, డే కేర్‌లో ఎక్కించే కార్బోప్లాటిన్‌కీ తేడా ఉంది. ఆ మాట మీరూ ఒప్పుకోవాలి. పైగా అక్కడ పోల్చింది అవే మాత్రలు ఇమ్యునో లేకుండా తీసుకున్నవాళ్లతో. నా ప్రశ్న అక్కడా అడగలేదు.

పెద్ద డాక్టరు: సరే. ఆపరేషన్ ముందు ఇచ్చే సంగతి తీసుకో. అక్కడ నీకు కలపడం మీద అభ్యంతరం ఉందా? చెక్‌మేట్-816లో మూడే సైకిళ్లు కీమో, నివోలుమాబ్ ఇచ్చి తర్వాత సర్జరీ చేశారు. తీసిన ముక్కలో క్యాన్సర్ కణం ఒక్కటీ మిగలనివాళ్లు 24 శాతం. కీమో ఒక్కదానితో 2. అయిదేళ్లకి 65 శాతం, 55 శాతం.

చిన్న డాక్టరు: లేదు. అక్కడ మూడు సైకిళ్లకి ముగింపు కనిపిస్తుంది. రోగికి నయమవుతుందన్న ఆశతో ఇస్తున్నాం. తొమ్మిది వారాల కష్టానికి జీవితం దక్కుతుందంటే ఎవరైనా పడతారు. నాలుగో స్టేజీలో మనం అడుగుతున్నది వేరు. మిగిలి ఉన్న కాలంలో ఎంత భాగం డే కేర్ కుర్చీలో గడపాలో మనం నిర్ణయిస్తున్నాం.

పెద్ద డాక్టరు: నాలుగో స్టేజీలోనూ ఆశ లేకపోలేదు. 189లో ముప్పై అయిదు డోసులూ పూర్తి చేసినవాళ్లు 57 మంది. ఆ తర్వాత మూడేళ్లకి కూడా వాళ్లలో 72 శాతం బతికే ఉన్నారు. నాలుగో స్టేజీ! నేను పీజీ చేసేటప్పుడు ఈ వాక్యం చెప్పుంటే వార్డు బయటికి పంపేవాళ్లు.

చిన్న డాక్టరు: 410 మందిలో 57. రెండేళ్లు నిలబడ్డవాళ్లని ఏరి, వాళ్లు బాగా నిలబడ్డారంటున్నాం. ఆ 57 మందిలో ఎంతమందికి కీమో లేకపోయినా ఇదే జరిగేదో మీకూ తెలియదు, నాకూ తెలియదు.

పెద్ద డాక్టరు: తెలియదు. తెలియనప్పుడు నేను ఎక్కువ ఇచ్చే వైపు తప్పు చేస్తాను, నువ్వు తక్కువ ఇచ్చే వైపు. నేను చూసిన మరణాలు చాలామటుకు మందు చాలక, మందు ఆలస్యమై జరిగినవి. నువ్వు చూసినవి వేరు. నువ్వు చేరేసరికే మందులు దండిగా ఉన్నాయి, ఆఖరి నెల దాకా బాటిల్ వేలాడుతూనే ఉండేది. సరే, మంచం నంబరు పదకొండుకి ఏం చేద్దాం?

చిన్న డాక్టరు: 66 ఏళ్లావిడ, గృహిణి. పొగ అలవాటు లేదు, ఇంట్లో భర్తది తప్ప. అడినోకార్సినోమా. పీడీ-ఎల్1 60 శాతం. ఈజీఎఫ్‌ఆర్, ఏఎల్‌కే జన్యుమార్పుల రిపోర్టులు ఇంకా రాలేదు. వాళ్లబ్బాయి బెంగళూరు నుంచి డబ్బు పంపించేశాడు, ఇమ్యునో వెంటనే మొదలెట్టమంటున్నాడు.

పెద్ద డాక్టరు: పొగ తాగని ఆడమనిషి. ఈజీఎఫ్‌ఆర్ వచ్చే అవకాశం బాగా ఉంది. రిపోర్టు రాకుండా ఇమ్యునో ముట్టుకోకు.

చిన్న డాక్టరు: ముట్టుకోను. ఈజీఎఫ్‌ఆర్ ఉంటే ఇమ్యునో ఎలాగూ సరిగా పట్టదు. పైగా ఇమ్యునో ఇచ్చాక ఈజీఎఫ్‌ఆర్‌కి వాడే మాత్ర, ఓసిమెర్టినిబ్, మొదలెడితే ఊపిరితిత్తి దెబ్బతినే ముప్పుంది. అమెరికాలో ఒక పరిశీలనలో అలా ఇచ్చిన 41 మందిలో ఆరుగురికి తీవ్రమైన ఇబ్బంది వచ్చింది. పీడీ-ఎల్1 60 ఉందని మురిసిపోతే మోసపోతాం. ఇక్కడ మనిద్దరిదీ ఒకే మాట.

పెద్ద డాక్టరు: ఒకే మాట కాదు. నేను సోమవారం కార్బోప్లాటిన్, పెమెట్రెక్సెడ్ మొదలెడతాను. రిపోర్టు వచ్చాక, మార్పు లేకపోతే రెండో సైకిల్‌తో ఇమ్యునో చేరుస్తాను. ఉంటే కీమో ఆపి మాత్రకి మారతాను. ఒక సైకిల్ కీమో వల్ల ఏ దారీ మూసుకుపోదు.

చిన్న డాక్టరు: మార్పు లేదని వస్తే ఆవిడకి ఇమ్యునో ఒక్కటే ఇవ్వాలనుకుంటాను నేను. అప్పటికే మీరు మొదలెట్టేసి ఉంటారు. 'ఒక సైకిలే కదా' అన్నది నాలుగు సైకిళ్లయ్యేదాకా ఆగదు, నేను చూశాను. ఆవిడ బాగానే ఉంది సార్. నిన్న వార్డులో పక్క మంచం మనవరాలికి జడ వేసింది. రిపోర్టు పది రోజుల్లో వస్తుంది.

పెద్ద డాక్టరు: ఎడమవైపు కొంచెం నీరుంది. పది రోజుల్లో నిండితే?

చిన్న డాక్టరు: శుక్రవారం ఎక్స్‌రే తీయిస్తాను. నీరు పెరిగితే మీ మాట. పెరగకపోతే రిపోర్టు దాకా ఆగుదాం.

పెద్ద డాక్టరు: బీ12 ఇంజెక్షను ఇవాళే వేయించు. పెమెట్రెక్సెడ్ ఇవ్వాల్సి వస్తే వారం ముందే పడి ఉండాలి.

చిన్న డాక్టరు: నిన్ననే వేయించాను సార్. ఫోలిక్ యాసిడ్ కూడా మొదలుపెట్టాను. కీమో ఇస్తానని కాదు.